గెట్ బ్యాక్: బీటిల్స్ సింగిల్, బిల్లీ ప్రెస్టన్ పియానో – తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్ రాక్ బ్యాండ్ బీటిల్స్ (పాల్ మెకార్ట్నీ, జాన్ లెనన్, జార్జ్ హారిసన్, రింగో స్టార్) 1969లో తెచ్చిన సింగిల్, అంటే విడిగా విడుదలైన పాట, ‘గెట్ బ్యాక్’ గురించి పాటలు వినేవాళ్లూ, కీబోర్డ్ నేర్చుకునేవాళ్లూ అడిగే సందేహాలు ఎప్పుడూ దాదాపు ఇవే. ఆ పియానో ఎవరిది, ఏ వెర్షన్ ఏది, ఇంట్లో కీబోర్డ్ మీద ఆ శబ్దం ఎందుకు రావడం లేదు? అన్నిటికీ ఇక్కడ ఒకేచోట జవాబులు ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదటిసారి వింటున్నవాళ్లకు

ఇందులో పియానో ఎక్కడుంది? నాకు గిటార్లే వినిపిస్తున్నాయి.

మామూలు పియానో శబ్దం కోసం వెతికితే దొరకదు. ఇది ఎలక్ట్రిక్ పియానో, ఫెండర్ రోడ్స్. గుండ్రంగా, కాస్త గంట మోగినట్టు ఉంటుంది. గట్టిగా కొట్టినచోట కొద్దిగా గరగరమంటుంది. పాట మధ్యలో, లొరెట్టా పేరుతో మొదలయ్యే రెండో చరణానికి ముందు, గిటార్లు వెనక్కి తగ్గి అది ఒక్కటే ముందుకొస్తుంది. ముందు ఆ సోలోను రెండు మూడు సార్లు విని చెవిని అలవాటు చేసుకోండి. తర్వాత పాట మొదటికి వెళ్తే, గాయకుడు ఊపిరి తీసుకునే ఖాళీల్లో అదే శబ్దం చిన్న చిన్న ముక్కలుగా వినిపిస్తుంది. ఫోన్ స్పీకర్‌లో ఇది గిటార్‌తో కలిసిపోతుంది కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

పియానో వాయించింది పాల్ మెకార్ట్నీ కాదా?

కాదు. ఈ పాటలో మెకార్ట్నీ బేస్ గిటార్ వాయిస్తూ పాడాడు. ఎలక్ట్రిక్ పియానో వాయించింది బిల్లీ ప్రెస్టన్. ఈ పాటతోపాటే 1969 జనవరిలో రికార్డు చేసిన కొన్ని నెమ్మది పాటల్లో మెకార్ట్నీ గ్రాండ్ పియానో వాయించాడు. ఈ అనుమానం అక్కడినుంచే వస్తుంది.

గిటార్ సోలో జార్జ్ హారిసన్‌దే కదా?

అదీ కాదు. ఇందులో లీడ్ గిటార్ జాన్ లెనన్‌ది, ఎపిఫోన్ కసీనో మీద వాయించాడు. హారిసన్ రోజ్‌వుడ్ టెలీకాస్టర్ గిటార్ మీద రిథమ్ పట్టాడు, తీగలు (కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పొట్టిగా కోసినట్టు వినిపించేది అదే. రింగో స్టార్ స్నేర్ డ్రమ్ మీద వాయించిన గుర్రపు దౌడు నడక పాట మొత్తాన్ని లాక్కుపోతుంది. మనవాళ్లు నోటితో చెప్పుకోవాలంటే ‘తాం తక తాం తక’ అని చెప్పుకోవచ్చు.

ఇది ఎంత పెద్ద హిట్?

బ్రిటన్‌లో 1969 ఏప్రిల్ 11న, అమెరికాలో మే 5న విడుదలైంది. బ్రిటన్ చార్టులో నేరుగా ఒకటో స్థానంలోనే అడుగుపెట్టి ఆరు వారాలు అక్కడే ఉంది. అమెరికాలో ఐదు వారాలు ఒకటో స్థానంలో నిలిచింది.

## బిల్లీ ప్రెస్టన్ ఎలా వచ్చాడు

అసలు ఈ బిల్లీ ప్రెస్టన్ ఎవరు? బీటిల్స్‌కి ముందే తెలుసా?

1946 సెప్టెంబర్ 2న టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో పుట్టాడు, లాస్ ఏంజెలిస్‌లో పెరిగాడు. చర్చి సంగీతంలో చిన్నప్పుడే ఆర్గాన్ వాయించడం మొదలుపెట్టాడు. 1962లో అమెరికన్ గాయకుడు లిటిల్ రిచర్డ్ బృందంతో యూరప్ పర్యటనకు వెళ్లినప్పుడు అతనికి పదహారేళ్లు. ఆ పర్యటనలో హాంబర్గ్‌లో బీటిల్స్‌తో పరిచయమైంది. అప్పటికి బీటిల్స్ ఇంకా ప్రపంచానికి తెలియని కుర్రాళ్లు. 1969 నాటికి ప్రెస్టన్ గాయకుడు రే చార్ల్స్ దగ్గర కూడా వాయించిన అనుభవజ్ఞుడు. స్టూడియోలోకి వచ్చినవాడు కొత్త ముఖం కాదు, వాళ్ల కష్టకాలం నాటి స్నేహితుడు.

అతన్ని ఎందుకు పిలిచారు? నలుగురికీ వాయించడం వచ్చు కదా?

ఆ జనవరిలో వాళ్లు పెట్టుకున్న నియమమే కారణం. ఒకదాని మీద ఒకటి పొరలుగా రికార్డు చేయకుండా, అందరూ ఒకేసారి వాయించి పాట ముగించాలనుకున్నారు. మెకార్ట్నీ బేస్ పట్టుకుంటే కీబోర్డ్‌కు మనిషి లేడు. కీబోర్డ్ దగ్గర కూర్చుంటే బేస్‌కు లేడు. ఐదో జత చేతులు నిజంగానే అవసరమయ్యాయి.

దానికి తోడు వాతావరణం బాగోలేదు. జనవరి 10న హారిసన్ బ్యాండ్ వదిలి వెళ్లిపోయాడు. మళ్లీ కలిశాక, లండన్‌లో 3 సావిల్ రో భవనం నేలమాళిగలోని ఆపిల్ స్టూడియోకు మకాం మార్చారు. జనవరి 22న ప్రెస్టన్ పలకరించడానికి వచ్చాడు. హారిసన్ వాయించమన్నాడు. అతను రోడ్స్ ముందు కూర్చున్న రోజు నుంచే పాటలు కుదురుకోవడం ఆ రికార్డింగుల్లో స్పష్టంగా వినిపిస్తుంది. బయటి మనిషి గదిలో ఉంటే ఇంట్లోవాళ్ల గొడవ సద్దుమణుగుతుంది. అదొక కారణం. రెండోది అతని చెవి. పాటలో ఖాళీ ఎక్కడుందో మొదటి సారికే పట్టేవాడు.

పాట కూడా ప్రెస్టన్ రాశాడా?

లేదు. రచయితలుగా లెనన్, మెకార్ట్నీ పేర్లే ఉన్నాయి. పాట ప్రధానంగా మెకార్ట్నీది. జనవరి 7న బేస్ గిటార్ మీద తీగలు గీస్తూ అతను దాన్ని వెతుక్కోవడం పీటర్ జాక్సన్ 2021లో తెచ్చిన డాక్యుమెంటరీలో చూడవచ్చు. అంటే ప్రెస్టన్ వచ్చేసరికి పాట ఉంది. దాని నడక, సోలో, ఖాళీల్లో పలికే జవాబులు అతని తర్వాత వచ్చాయి.

లేబుల్ మీద అతని పేరు ఎందుకు వేశారు? అంతకుముందు అతిథులు లేరా?

ఉన్నారు, పేర్లే లేవు. 1968లో ‘వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్’లో సోలో వాయించింది ఎరిక్ క్లాప్టన్. ‘రివల్యూషన్’ సింగిల్‌లో ఎలక్ట్రిక్ పియానో నికీ హాప్కిన్స్‌ది. ఇద్దరి పేర్లూ అప్పటి రికార్డుల మీద లేవు. ‘గెట్ బ్యాక్’ లేబుల్ మీద మాత్రం ‘ది బీటిల్స్ విత్ బిల్లీ ప్రెస్టన్’ అని అచ్చయింది. వెనకవైపున్న ‘డోంట్ లెట్ మీ డౌన్’ మీద కూడా అంతే. వాళ్ల సింగిల్స్‌లో మరో కళాకారుడికి అలాంటి గౌరవం దక్కలేదు.

ఇది మొహమాటానికి ఇచ్చిన పేరు కాదు. పియానో తీసేసి ఈ పాటను ఊహించుకుంటే మిగిలేది మంచి గిటార్ పాట, అంతే. ప్రెస్టన్ ఎక్కువ వాయించలేదు. సరైనచోట వాయించాడు. ఆ తేడా తెలిసిన సంగీతకారులు కాబట్టే పేరు వేశారు.

అతన్ని బ్యాండ్‌లో చేర్చుకోవాలనుకున్నారన్నది నిజమేనా?

ఆ మాట వచ్చింది. లెనన్ ప్రతిపాదించాడు, నలుగురితోనే కష్టంగా ఉందన్న ధోరణిలో మెకార్ట్నీ కాదన్నాడు. సభ్యుడు కాలేదు గానీ బీటిల్స్ సొంత సంస్థ ఆపిల్‌లో కళాకారుడిగా చేరాడు. అదే ఏడాది హారిసన్ నిర్మాణంలో ‘దట్స్ ద వే గాడ్ ప్లాన్డ్ ఇట్’ వచ్చింది.

## రికార్డింగ్, విడుదల

డాబా మీద కచేరీలో వాయించిందే సింగిల్‌గా విడుదలైందా?

చాలామంది అలాగే అనుకుంటారు. కాదు. సింగిల్‌లో ప్రధాన భాగం జనవరి 27న నేలమాళిగ స్టూడియోలో రికార్డైంది. పాట ఆగినట్టే ఆగి మళ్లీ మొదలయ్యే చివరి ముక్క జనవరి 28న వాయించినది. రెండింటినీ అతికించారు. ఆపిల్ స్టూడియో ఉన్న భవనం డాబా మీద బీటిల్స్ కచేరీ చేసింది జనవరి 30న.

అతుకు ఎక్కడ తెలుస్తుంది?

చివర్లో అందరూ ఆగి నిశ్శబ్దం వచ్చినచోట. ఆ నిశ్శబ్దంలోనే కత్తిరించారు కాబట్టి చెవికి దొరకదు. ఆగిన తర్వాత వచ్చే భాగంలో గొంతు కాస్త విడిగా, సరదాగా ఉంటుంది. రెండో రోజు టేక్ (ఒకసారి వాయించి చేసిన రికార్డింగ్) అని గుర్తుపట్టడానికి ఆధారం అదొక్కటే.

ఎవరు మిక్స్ చేశారు? హడావుడిగా చేశారంటారు?

ఇంజినీర్ గ్లిన్ జాన్స్. ముందు చేసిన మిక్స్ మెకార్ట్నీకి నచ్చలేదు. ఏప్రిల్ 7న ఒలింపిక్ స్టూడియోలో మళ్లీ చేశారు. విడుదలకు మిగిలింది నాలుగు రోజులు.

డాబా మీద ప్రెస్టన్ ఉన్నాడా?

ఉన్నాడు, రోడ్స్‌ను పైకి మోయించారు. 42 నిమిషాల కచేరీలో ‘గెట్ బ్యాక్’ మూడుసార్లు వాయించారు. మూడోసారి మధ్యలో పోలీసులు పైకి వచ్చారు, గిటార్ ఆంప్లిఫయర్లు కాసేపు ఆపేయాల్సి వచ్చింది. ఆ కొద్ది క్షణాలు విని తీరాలి. గిటార్లు లేకపోయినా బేస్, డ్రమ్స్, రోడ్స్ కలిసి పాటను పడిపోకుండా నిలబెట్టాయి.

ఈ పాట వలసవచ్చిన వాళ్లకు వ్యతిరేకమని విన్నాను. మన ఉపఖండం వాళ్ల గురించేనట?

దీనికి జాగ్రత్తగా జవాబు చెప్పాలి. తయారీలో ఉన్నప్పుడు కొన్ని టేకుల్లో పాకిస్తానీల ప్రస్తావన ఉన్న పంక్తులు పాడారు. అవి అప్పటి బ్రిటన్ రాజకీయాల మీద వెటకారం. 1968 ఏప్రిల్ 20న ఎనోక్ పావెల్ అనే ఎంపీ వలసలకు వ్యతిరేకంగా చేసిన ప్రసంగం దేశాన్ని కుదిపేసింది. కెన్యా నుంచి వస్తున్న భారత ఉపఖండ మూలాల వాళ్ల మీద పత్రికల్లో రోజూ గోల. ‘వెనక్కి వెళ్లిపోండి’ అనేవాళ్ల గొంతును అనుకరించి ఎగతాళి చేయడం ఆ పంక్తుల ఉద్దేశం. అయితే సందర్భం తెలియకుండా వింటే తిట్టులాగే ఉంటాయి. వాటిని తీసేయడమే మంచిదైంది. విడుదలైన పాటలో అవి లేవు, జోజో, లొరెట్టా అనే రెండు కల్పిత పాత్రలే ఉన్నాయి. లీకైన టేపులు ఎక్కడైనా వింటే తేదీ, సందర్భం చూసుకోండి.

## ఏ వెర్షన్ వినాలి

ఆన్‌లైన్‌లో ఒకే పేరుతో నాలుగైదు ఉన్నాయి. తేడా ఏమిటి?

అసలు సింగిల్ కావాలంటే ‘పాస్ట్ మాస్టర్స్’ లేదా ‘1’ సంకలనంలోది వినండి. ఆగి మళ్లీ మొదలయ్యే ముగింపు అందులోనే ఉంటుంది.

1970 మే 8న వచ్చిన ‘లెట్ ఇట్ బి’ ఆల్బమ్‌లోదీ జనవరి 27 టేకే. నిర్మాత ఫిల్ స్పెక్టర్ దాని ముందు స్టూడియో మాటలు, చివర డాబా కచేరీ ముగిశాక లెనన్ అన్న మాట అతికించాడు. రెండో ముగింపు తీసేశాడు. ఆ చివరి మాట వల్లే జనం దాన్ని డాబా రికార్డింగ్ అనుకుంటారు.

2003 నాటి ‘లెట్ ఇట్ బి నేకెడ్’లో మాటలూ లేవు, రెండో ముగింపూ లేదు, రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. పియానో నేర్చుకునేవాళ్లకు దీని స్పష్టత ఉపయోగం. డాబా మీద మూడోసారి వాయించింది 1996 ‘ఆంథాలజీ 3’లో ఉంది. కచేరీ మొత్తం ఆడియో 2022 జనవరిలో స్ట్రీమింగ్‌కు వచ్చింది.

పాట పూర్తిగా అనుభవించాలంటే సింగిలే. ఆ రెండో ముగింపు లేకపోతే పాట సగంలో లేచిపోయినట్టుంటుంది.

మోనో వినాలా, స్టీరియోనా?

బ్రిటన్ సింగిల్ మోనో (శబ్దమంతా ఒకే చానల్‌లో), అమెరికా సింగిల్ స్టీరియో (ఎడమ, కుడి విడివిడిగా). మోనోలో డ్రమ్స్, బేస్ ఒక ముద్దగా ఛాతీకి తగులుతాయి. పియానో విడిగా వినడానికి స్టీరియో మేలు.

## మీరే వాయించాలనుకుంటే

నా కీబోర్డ్‌లో ఏ టోన్ పెట్టాలి?

‘పియానో’ వద్దు. ‘ఎలక్ట్రిక్ పియానో 1’ ఎంచుకోండి. జనరల్ మిడి, అంటే కీబోర్డ్ టోన్ల నంబర్లకున్న ఉమ్మడి పట్టికలో అది 5వ నంబర్. 6వ నంబర్‌లో ఉన్న ‘ఎలక్ట్రిక్ పియానో 2’ ఎక్కువగా 1980ల డిజిటల్ శబ్దం, సినిమా మెలొడీలకు బాగుంటుంది, ఇక్కడ అతకదు. కోరస్, రివర్బ్ (శబ్దాన్ని చిక్కబరిచే, ప్రతిధ్వనించే ఎఫెక్ట్‌లు) తీసేయండి లేదా బాగా తగ్గించండి. టచ్ రెస్పాన్స్ (మీట నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారే సౌకర్యం) ఆన్‌లో ఉండాలి. అది ఆఫ్‌లో ఉంటే ఎంత బాగా వాయించినా బొమ్మ కీబోర్డ్‌లాగే వినిపిస్తుంది.

టచ్ అంత ముఖ్యం కావడానికి కారణం రోడ్స్ నిర్మాణం. మీట నొక్కితే చిన్న సుత్తి సన్నని ఉక్కు పుల్లను కొడుతుంది. దాని కంపనాన్ని ఎదురుగా ఉన్న అయస్కాంత పికప్ పట్టుకుంటుంది. మెల్లగా కొడితే గంట శబ్దం, గట్టిగా కొడితే గరుకు. ప్రెస్టన్ వాయింపు ఈ రెండింటి మధ్య క్షణక్షణం మారుతుంది.

తీగలు (కార్డ్‌లు) ఏమిటి? ఏ శ్రుతి?

శ్రుతి ఎ, మన లెక్కలో ఆరు శ్రుతి. వేగం నిమిషానికి దాదాపు 123 బీట్లు. నాలుగు బార్ల (నాలుగేసి బీట్ల ముక్కల) చక్రం: ఎ, ఎ, డి, ఎ. పల్లవిలో నాలుగో బార్ రెండో సగంలో జి, డి తీగలు చకచకా వచ్చి మళ్లీ ఎ మీద పడతాయి. పాటంతా ఇంతే.

కుడిచేతికి ఈ అమరిక పెట్టుకోండి. ఎ జాగాలో వాయించే ఎ సెవెన్‌కు సి షార్ప్–ఇ–జి, మధ్య సి పక్కనున్న సి షార్ప్ నుంచి. డి తీగకు డి–ఎఫ్ షార్ప్–ఎ. చెయ్యి ఎగరనక్కర్లేదు, వేళ్లు ఒక్కో మెట్టు జరిగితే చాలు. చకచకా వచ్చే జాగాలో జి–బి–డి, ఆ తర్వాత ఎ–డి–ఎఫ్ షార్ప్.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఇది ఏ రాగానికి దగ్గర?

స్వరాలు హరికాంభోజివే. ఎ షడ్జమం అనుకుంటే జి కైశికి నిషాదం, సి షార్ప్ అంతర గాంధారం. ఎ సెవెన్ అమరిక గ–ప–ని, డి అమరిక మ–ద–స. అయితే బ్లూస్ అలవాటు ప్రకారం సాధారణ గాంధారం, అంటే సి నేచురల్, అంతర గాంధారానికి ముందు చిన్నగా తగిలి జారుతుంది. ఈ రుచి రాగ నియమంతో రాదు. సిని, సి షార్ప్‌ని ఒకే వేలితో జార్చండి, నల్ల మీట నుంచి తెల్ల మీటకు జారడం తేలిక గానీ ఇక్కడ తెల్ల దానినుంచి నల్లదానికి వెళ్లాలి కాబట్టి రెండు వేళ్లు వాడినా తప్పులేదు. గమకం ఊపకండి, జారుడు అర బీటుకన్నా తక్కువలో అయిపోవాలి.

అన్ని స్వరాలూ సరిగానే వాయిస్తున్నా పాటలా అనిపించడం లేదు. ఎందుకు?

నూటికి తొంభై సందర్భాల్లో కారణం ఎక్కువ వాయించడమే. ముందు ఎడమచేతిని ఒళ్లో పెట్టుకోండి. బేస్ గిటార్ ఉన్నప్పుడు కింది సప్తకంలో మీరు వాయించే ప్రతి స్వరం దానితో గుద్దుకుని బురద చేస్తుంది. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ మీద నుంచి కాలు తీయండి. దౌడు నడకలో ముందు తీగ తర్వాతి తీగలోకి కారితే నడక చచ్చిపోతుంది.

తర్వాత, గాయకుడు పాడేటప్పుడు ఆగండి. పంక్తి అయ్యాక రెండు మూడు స్వరాలతో జవాబివ్వండి. ఒక పంక్తికి జవాబిస్తే తర్వాతిది వదిలేయండి. పల్లవిలో మాత్రం తీగలు పొట్టిగా, డ్రమ్స్‌తో కలిపి కొట్టండి.

అయినా కుదరకపోతే వేగం చూసుకోండి. 90 దగ్గర మెట్రోనోమ్ పెట్టి మొదలుపెట్టండి, 105, 115 దాటి 123కి రండి. 115 దగ్గర చాలామంది పరిగెడతారు. అక్కడ ఒక వారం ఉండిపోయినా నష్టం లేదు.

సోలో ఉన్నదున్నట్టు దించాలా, సొంతంగా వాయించవచ్చా?

మొదట దించండి. నోట్ల కోసం కాదు, ఎక్కడ ఆగాడో తెలియడం కోసం. వేగాన్ని 75 శాతానికి తగ్గించి, ఒక్కో పలుకు ముందు నోటితో పాడి, తర్వాత మీటల మీద వెతకండి. సొంత సోలో వాయించేటప్పుడు డి తీగ వచ్చే బార్‌లో ఎఫ్ షార్ప్ మీద వాలండి. అక్కడ కూడా సి షార్ప్ పట్టుకుని కూర్చుంటే తీగ మారినట్టే తెలియదు. ఎక్కువగా జరిగే పొరపాటు అదే.

స్టేజీ మీద నా కీబోర్డ్ అస్సలు వినిపించడం లేదు. వాల్యూమ్ పెంచాలా?

ముందు 200 హెర్ట్జ్ కింద తగ్గించండి, 1 నుంచి 2 కిలోహెర్ట్జ్ మధ్య కొద్దిగా పెంచండి. లీడ్ గిటారిస్ట్ ఏ సప్తకంలో ఉన్నాడో చూసి మీరు ఇంకోదాంట్లోకి వెళ్లండి. వాల్యూమ్ ఆఖరి మందు.

## రికార్డు కొనేవాళ్లకు, ఇంకా వినాలనుకునేవాళ్లకు

పాత 45 ఆర్‌పీఎమ్ రికార్డు కొంటున్నాను. ఏం చూడాలి?

బ్రిటన్ ముద్రణ నంబర్ ఆపిల్ ఆర్ 5777, అమెరికాది ఆపిల్ 2490. లేబుల్ మీద ప్రెస్టన్ పేరుందో లేదో చూడండి. అమెరికా సింగిల్స్‌కు నడుమ పెద్ద రంధ్రం ఉంటుంది, టర్న్‌టేబుల్‌కు అడాప్టర్ కావాలి. బ్రిటన్ మోనో కాపీని వినేటప్పుడు ఆంప్లిఫయర్‌లో మోనో మీట ఉంటే నొక్కండి, గీతల చప్పుడు కొంత తగ్గుతుంది. పాట మొదట్లో డ్రమ్స్ నెమ్మదిగా పైకొస్తాయి కాబట్టి అంచు దగ్గరి గీతలు అక్కడే బయటపడతాయి. కొనేముందు మొదటి పదిహేను సెకన్లు వినిపించమనండి.

ప్రెస్టన్‌వి ఇంకా ఏం వినాలి?

ముందుగా ఈ సింగిల్ వెనకవైపున్న ‘డోంట్ లెట్ మీ డౌన్’. ఇక్కడ వేగం లేదు, అదే రోడ్స్ ఎంత మెత్తగా మాట్లాడగలదో తెలుస్తుంది. తర్వాత సొంత పాటలు: క్లావినెట్ అనే ఎలక్ట్రిక్ కీబోర్డ్ మీద సాగే వాద్య గీతం ‘ఔటా స్పేస్’, అమెరికాలో ఒకటో స్థానానికి వెళ్లిన ‘విల్ ఇట్ గో రౌండ్ ఇన్ సర్కిల్స్’, ‘నథింగ్ ఫ్రమ్ నథింగ్’. 1971 ఆగస్ట్ 1న న్యూయార్క్‌లో రవిశంకర్, హారిసన్ కలిసి జరిపిన బంగ్లాదేశ్ సహాయ కచేరీలోనూ అతను పాడాడు. ఆ ఫిల్మ్‌లో పాట మధ్యలో కీబోర్డ్ వదిలి లేచి నాట్యం చేయడం చూడవచ్చు. 2006 జూన్ 6న కన్నుమూశాడు. 2021లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. అది అతను బతికుండగానే దక్కాల్సింది.